ఓడలో నీళ్ళావిడ

ఆ సిరీస్ పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరు వెతుక్కుని మరీ చూస్తారు. రెండు ఎపిసోడ్లు చూసి "ఏముందండీ ఇందులో, అంతా చీకటే" అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఇదివరకు నలుగురు అలాగే అన్నారు, వాళ్ళతో ఇప్పటికీ ముక్తసరిగానే మాట్లాడతాను. మా ఇంట్లో దాని పేరు ఓడ. "ఓడ వచ్చిందా?" అంటే కొత్త ఎపిసోడ్ వచ్చిందా అని అర్థం. కథ చెప్పాలంటే ఒక్క ముక్క చాలు. బతకడానికి వీల్లేకుండా పోయిన నేలని వదిలేసి మూడొందల మంది ఒక పెద్ద అంతరిక్ష నౌకలో బయల్దేరారు. ఎక్కడికి చేరతారో వాళ్ళకీ తెలీదు, చూసే నాకూ తెలీదు.

నాకు నలభై ఆరేళ్ళు. అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను, ఉండేది కొత్తపేటలో. పొద్దున్నే ఎక్కిన బస్సులో అంబాజీపేట దాటేదాకా సీటు దొరకదు, అయినా నిలబడి ఫోన్లో ఓడ గురించి ఎవరెవరో ఏ దేశాల్లోంచో రాసినవన్నీ చదువుతూ ఉంటాను. శుక్రవారం వచ్చిందంటే కాలుకాలిన పిల్లిలా తిరుగుతాను. మధ్యాహ్నం పన్నెండున్నరకి ఎపిసోడ్ పడుతుంది, నాకు ఒంటిగంటకి గాని క్లాసు అవదు. ఆ అరగంటలో పిల్లలు ఏ సందేహం అడిగినా నాకు కోపమే వస్తుంది. అది తప్పని తెలుసు.

మూడో సీజన్ ఆరో ఎపిసోడ్ గురించే ఇదంతా. స్టాఫ్ రూములో కిటికీ పక్కన చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఎదురుగా టిఫిన్ డబ్బా మూత తియ్యకుండా దాన్ని చూశాను.

మొదటి సీజన్లో ఓడమీద నీళ్ళ పంపకం చూసే ఒకావిడ ఉండేది. మనిషికింత అని కొలిచి పోసేది. గట్టిగా అరిచేది. తన వాటాలోంచి ఎవరో ఒకరికి పోసేసి, అది బయటపడకుండా మరీ గట్టిగా అరిచేది. ఆ సీజన్ తొమ్మిదో ఎపిసోడ్లో నీళ్ళ ట్యాంకు పగిలితే, అవతలి వైపునుంచి తలుపు మూసేసి, తను అటే ఉండిపోయి ఓడని కాపాడింది. అప్పుడు మిగతావాళ్ళకి ఏడవడానికి కూడా తీరిక లేదు, వెనక తరుముకొచ్చేవాళ్ళున్నారు. ఈ ఆరో ఎపిసోడ్లో ఆ ఖాళీ ట్యాంకు గోడమీద ఆవిడ గీసుకున్న కొలత గీతలు కనబడతాయి. ఎన్నడూ ఆగని ఇంజన్లని కెప్టెన్ ఆపేయిస్తుంది. కెప్టెన్ కూడా ఆడమనిషే. ఒక గిన్నెడు నీళ్ళు ఓడ ఈ కొసనుంచి ఆ కొసకి చేతులు మారుతూ వెళ్తాయి. ఎవరూ తాగరు. ఎవరూ మాట్లాడరు. సంగీతం కూడా లేదు. చివరికి గిన్నె కెప్టెన్ చేతికి వస్తే, ఆవిడ ఆ మూసిన తలుపు ముందు మోకాళ్ళమీద కూచుని నీళ్ళు నేలమీద పోస్తుంది. పదకొండు నిమిషాలు. నా జన్మలో అంత గొప్ప పదకొండు నిమిషాలు నేను తెరమీద చూడలేదు. నమ్మకపోతే పోనివ్వండి.

నా కళ్ళు కారిపోతున్నాయి. పక్క బల్ల దగ్గర కూచునే ఎకనామిక్స్ మేడం గబగబా వచ్చారు. చాలా మంచావిడ, ఆదివారం చర్చిలో పిల్లలకి పాఠాలు కూడా చెబుతారు.

"అయ్యయ్యో, ఏమైందండీ?"

"పోయిందండీ. ఎప్పుడో పోయింది, ఇప్పుడిలా..."

"ఎవరండీ?"

"నీళ్ళావిడండీ."

"మీకు బాగా కావలసినవారాండీ?"

"ఆయ్" అన్నాను. అబద్ధమేం కాదు కదా.

ఆవిడ నా భుజంమీద చెయ్యేసి కళ్ళు మూసుకుని, ఆ కుటుంబానికి ఓదార్పునివ్వమని ప్రార్థన మొదలుపెట్టారు. మధ్యలో ఆపి "సీరియలండీ" అని ఎలా చెప్పను? ఆమెన్ దాకా తలొంచుకుని కూచున్నాను. సోమవారం మళ్ళీ అడిగారు, "ఇంట్లో అంతా కుదుటపడ్డారాండీ" అని. పడ్డారన్నాను. నిజం ఇప్పటికీ చెప్పలేదు. ఇలాంటి విషయాల్లో నా చరిత్ర అంత గొప్పది కాదు.

ఎపిసోడ్ అయిపోగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన, దీన్ని మా అత్తయ్యగారికి చూపించాలని. రెండో ఆలోచన వచ్చేసరికి ఫోను బల్లమీద బోర్లా పెట్టేశాను. ఆవిడకి నీళ్ళావిడ పోయిన సంగతే తెలీదు. పోలేదని చెప్పింది నేను.

మా మామయ్యగారు వేదం చదువుకున్న మనిషి, నేను కాపరానికొచ్చిన కొత్తలోనే పోయారు. ఆయన దగ్గర విని విని అత్తయ్యగారికి పట్టుబడినవాటిలో మైల లెక్క ఒకటి. ఎవరింట్లో ఎవరు పోయినా ఈవిడకి ఫోను వస్తుంది. "పిన్నిగారూ, మా మేనమామ పోయి నెలైందటండీ, మాకు ఇప్పుడే తెలిసింది, ఏం చెయ్యాలండీ?" అంటారు. ఈవిడ వేళ్ళు ముడుస్తూ ఎక్కం అప్పజెప్పినట్టు చెబుతారు. పదిరోజుల్లోపు తెలిస్తే మిగిలిన రోజులు, ఆ తర్వాతైతే ఇన్ని, ఏడాది దాటాక తెలిస్తే కట్టుబట్టలతో తలమీంచి ఒక్క స్నానం. "ఎంత ఆలస్యంగా తెలిసినా ఆ స్నానం మాత్రం తప్పదమ్మా. అది మనకోసం కాదు, పోయినవాళ్ళకి మనం విన్నామని తెలియడానికి" అంటారు. నాకు వీటిమీద నమ్మకం లేదు. కాని ఆవిడ చెప్పే తీరు బావుంటుంది, వింటాను.

రెండేళ్ళ క్రితం పనసకాయల రోజుల్లో ఆవిడకి గుండె ఆపరేషన్ అయింది. రాజమండ్రి ఆస్పత్రినుంచి ఇంటికొచ్చాక ఎక్కువ మాట్లాడకూడదు, కంగారు పడకూడదు, కుట్లు తడపకూడదు అన్నారు. నేను సెలవు పెట్టాను. ఆవిడ ఫోను నా దగ్గర పెట్టుకున్నాను. ఏదైనా కాలక్షేపం కావాలి. మామూలు సీరియళ్ళు పెడితే రోజుకొకరికి గుండెపోటు. నేను అప్పుడే ఓడ పిచ్చిలో పడ్డాను కనుక, ఇదైతే మనవాళ్ళెవరూ ఉండరు, మనకేం కాదు అనుకుని అదే పెట్టి, ఇంగ్లీషు ముక్క ముక్కకీ తెలుగు చెప్పడం మొదలుపెట్టాను.

మొదటి అరగంటలోనే చిక్కొచ్చింది. కెప్టెన్‌ని చూపించి, "ఈ పెద్దావిడకి ఆ నీళ్ళావిడ ఏమవుతుంది?" అనడిగారు.

"ఏమీ అవదండీ. కలిసి పనిచేస్తారు."

"ఏమీ అవకుండా ఒక్క ఇంట్లో ఎలా ఉంటున్నారే?"

"అక్కచెల్లెళ్ళండీ" అనేశాను. ఆ తర్వాత ఇంకేముంది, మూడొందల మందిలో కనపడిన ప్రతివాళ్ళకీ వరస కట్టాల్సొచ్చింది. ఇంజనీరు మేనల్లుడు, డాక్టరు పెద్దక్క మరిది, అలాగ. వరస తెలిశాక ఆవిడకి కథ నాకంటే బాగా అర్థమయ్యేది. నీళ్ళావిడంటే ప్రాణం. "అచ్చం మా చిన్నదేనే. పెట్టినట్టు కనపడకుండా పెట్టి, పైగా అరుస్తుంది" అనేవారు.

చిన్నదంటే ఆవిడ చెల్లెలు. మురమళ్ళలో ఉండేవారు, నేను చిన్నత్తయ్యగారనేదాన్ని. ఆస్పత్రినుంచి వచ్చిన నాలుగో రోజున మురమళ్ళ వైపునుంచి వచ్చే కొబ్బరికాయల వ్యాను డ్రైవరు మా గేటు దగ్గర ఆగి, నా చేతికో సంచీ ఇచ్చి వెళ్ళాడు. లోపల పనసపొట్టు. కాసేపటికి ఫోను.

"అక్కయ్య ఏం చేస్తోందే?"

అప్పుడు తెరమీద అయిదో ఎపిసోడ్. ఓడ బండరాళ్ళ మధ్యలోంచి వెళ్తోంది. అత్తయ్యగారు పైటచెంగు పిడికిట్లో పట్టుకుని చూస్తున్నారు. ఆవిడకంటే నేనే ఎక్కువ చూస్తున్నాను. ఆరోసారి చూడ్డం అది. అయినా ఆపబుద్ధి కాలేదు. వరండాలోకి వచ్చి, "పడుకున్నారండీ" అన్నాను.

"పోన్లే, లేపకు. పొట్టు పంపించేను, అందిందా? పొద్దున్నే నేనే కూచుని కొట్టేను. ఆవ తక్కువేసి చెయ్యి, ఎక్కువైతే అక్కయ్యకి పడదు. లేచాక ఒక్కసారి చెయ్యమను."

"ఆయ్, చెప్తానండీ."

చెప్పలేదు. దాచాలని కాదు. ఆ ఎపిసోడ్ ఎలాంటి చోట ఆగిందంటే వెంటనే ఇంకోటి పెట్టాం. తర్వాత మందులు, తర్వాత భోజనం. రేపు పొద్దున్న చెబుదాం అనుకున్నాను. తెల్లారేసరికి చిన్నత్తయ్యగారు లేరు. నిద్రలోనే పోయారట.

మా ఆయన మురమళ్ళ వెళ్ళారు. అమ్మకిప్పుడే చెప్పద్దు, కొన్నాళ్ళు ఆగుదాం అన్నారు. డాక్టరూ అదే మాట. కాబట్టి నేను ఇంట్లో ఏమీ జరగనట్టు ఉండాలి. ఏమీ జరగనట్టు ఉండాలంటే వంట చెయ్యాలి. ఫ్రిజ్‌లో ఆ పొట్టే ఉంది. ఆవ తక్కువేసి చేశాను. అత్తయ్యగారు ఆస్పత్రి తర్వాత మొదటిసారి ఇష్టంగా తిన్నారు. "ఇంకాస్త వెయ్యి" అని మారు వేయించుకున్నారు. "పొట్టు బావుందే. మార్కెట్లో దొరికిందా?" అనడిగారు.

"ఆయ్" అన్నాను.

చెల్లెలు పంపింది అంటే, ఏదీ ఫోను ఇలా తే అంటారు. ఇంకేమనాలి నేను?

ఆ మూడోనాడే తొమ్మిదో ఎపిసోడ్ వచ్చింది. తలుపు మూసుకుంది. నేను ముందే ఆపెయ్యాల్సింది, పిచ్చిదాన్ని, ఆ సీను కోసం ఎదురుచూస్తూ ఎవరికి చూపిస్తున్నానో మర్చిపోయాను. "ఆవిడేమైందే?" అన్నారు. శవం చూపించలేదు గనక బతికిపోయాను. "అటువైపు ఇంకో ఓడ ఉందండీ. డ్యూటీ మీద అందులోకి వెళ్ళింది" అన్నాను. ఒక చెల్లెలి చావు దాస్తున్నదాన్ని, ఇంకో చెల్లెలి చావు దాచడం ఎంతసేపు.

చిన్నత్తయ్యగారు పోయిన పదహారో రోజున మా ఆయన పక్కన కూచుని అసలు సంగతి చెప్పారు. ఆవిడ గట్టిగా ఏడవలేదు. ఏ రోజు అని అడిగారు. వేళ్ళు ముడిచి లెక్క చూసుకున్నారు. కుట్లున్నాయి కనుక స్నానానికి వీల్లేదు. తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుని, నెత్తిమీద నాలుగు చుక్కలు చల్లుకున్నారు. ఊరందరికీ లెక్క చెప్పిన మనిషికి సొంత చెల్లెలి స్నానం నాలుగు చుక్కలైంది. కుట్లు మానాక చేస్తారేమో అనుకున్నాను. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

నాతో మాట్లాడడం మానేసినా బావుండేది. అలా చెయ్యలేదు. నన్ను మీరు అనడం మొదలుపెట్టారు. "మంచినీళ్ళు ఇస్తారాండీ?" "మీరు భోంచేశారాండీ?" ఇరవై ఏళ్ళు ఏమే, ఒసేయ్ అని పిలిచిన మనిషి! రెండు నెలలు ఆ మర్యాద భరించాను. ఈ గోదావరి గడ్డమీద అంతకంటే పెద్ద శిక్ష లేదు. మధ్యలో ఒక్కసారే మనసులో మాట అన్నారు, అదీ నాతో కాదు, మా ఆయనతో. "నా చెల్లెలు కాలుతున్న పూట నేను కూర మారు వేయించుకుని తిన్నానురా. ఏ జన్మైనా ఆ ముద్ద అరుగుతుందా నాకు?"

గుమ్మం ఇవతల నేను నిలబడి ఉన్నాను. ఆ కూర ఎవరిదో చెబితే ఆ ముద్ద అరుగుతుందని నాకు తెలుసు. చెప్పాలంటే సంచీ సంగతి చెప్పాలి. సంచీ చెబితే ఫోను చెప్పాలి. పడుకున్నారని చెప్పి నేను వెళ్ళి బండరాళ్ళు చూస్తూ కూచున్న సంగతి చెప్పాలి. నోట్లో నువ్వుగింజ నానని మనిషిని నేను. అలాంటిదాన్ని, ఆ ఒక్కటీ రెండేళ్ళు మింగి కూచున్నాను.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఆవిడే, "ఆ ఓడ వాళ్ళేమయ్యారే?" అన్నారు. ఆ చివరి 'ఏ' కోసం నేను టీవీ దగ్గరికి దాదాపు పరిగెత్తాను. అప్పటినుంచీ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఓడ. శుక్రవారం నేను ముందు చూసి మాటలు సిద్ధం చేసుకుంటాను, ఆదివారం ఆవిడకి చెబుతాను. ప్రతి సీజన్ మొదట్లోనూ అడుగుతారు, "చెల్లెలు ఇంకా రాలేదా?" అని. "రాలేదండీ, దూరం కదండీ" అంటాను. "దూరమైతే మాత్రం? ఒక ఫోనైనా చెయ్యదూ!" అంటారు. నేను సౌండ్ పెంచుతాను.

ఇదిగో, ఇప్పుడు ఈ ఆరో ఎపిసోడ్.

మాటలుంటే ఏదో ఒకటి చెప్పి గట్టెక్కేదాన్ని. ఇంతకాలం నా నోరే ఆవిడకి చెవి. కాని ఆ పదకొండు నిమిషాల్లో మాటలే లేవు. నేను తెలుగు చెప్పడానికేమీ లేదు, అబద్ధం పెట్టడానికి చోటు లేదు. ఆవిడ కళ్ళతో ఆవిడే చూస్తారు.

మొదటి ఆదివారం "నెట్ రావట్లేదండీ, వానకి" అన్నాను. నిజంగానే వాన. ఆవిడ కిటికీలోంచి చూసి, "ఓడ మబ్బులపైన కదే ఉంది, దానికి వానేమిటి?" అన్నారు. రెండో ఆదివారం ఈ వారం పడలేదన్నాను. ఈ మధ్యలో నేను స్థిమితంగా కూచున్న గంట లేదు. ఆ ఎపిసోడ్ ఇంకో ఎనిమిదిసార్లు చూశాను. పాలు రెండుసార్లు పొంగబెట్టాను. సెకండియర్ పాఠం ఫస్టియర్‌కి పావుగంట చెప్పాక ఒక పిల్ల లేచి, "మేడం, మాకిది లేదండీ" అంది. ఫోన్లో అభిమానులంతా ఒకటే చర్చ. అంత కరువులో కెప్టెన్ ఆ నీళ్ళు తాగకుండా నేలపాలు ఎందుకు చేసింది, కథలో ఇది తప్పు కదా అని ఒకడు పేజీలు పేజీలు రాశాడు. మా అత్తయ్యగారైతే వాడికి ఒక్క ముక్కలో చెప్పేవారు. జవాబు టైపు చేసి చెరిపేశాను. ఒక గొప్ప ఎపిసోడ్ చూసి, అది అర్థమయ్యే ఒక్క మనిషి పక్కగదిలో ఉండి, ఆవిడతో చెప్పుకోలేకపోవడం కడుపుబ్బరం లాంటిది.

మా ఆయనతో అన్నాను. ఫోను సంగతి ఆయనకీ తెలీదు, నీళ్ళావిడ సంగతే చెప్పాను. "అయితే అది వదిలేసి తర్వాతది చూపించు. సీరియలే కదా" అన్నారు. ఆ "సీరియలే కదా"కి నేను ఆ పూట ఆయనకి కాఫీ ఇవ్వలేదు.

మూడో ఆదివారం భోజనాలయ్యాయి. మా ఆయన పక్కూరు పెళ్ళికి వెళ్ళారు. బయట వాన సన్నగా పడుతోంది. అత్తయ్యగారు కుర్చీలో కూచుని కాళ్ళు స్టూలుమీద పెట్టుకుని, "ఓడ వచ్చిందా?" అన్నారు.

"వచ్చిందండీ" అన్నాను. అలా అంటానని నాకూ తెలీదు.

మొదట్లో మాటలున్నాయి. ఒక్కటి పొల్లుపోకుండా ఉన్నదున్నట్టు చెప్పాను. ట్యాంకు తెరిచారు. గోడమీద గీతలు. ఇంజన్లు ఆగాయి.

"చెప్పవేం?" అన్నారు.

"ఎవరూ మాట్లాడట్లేదండీ."

ఆవిడ ముందుకి వంగారు. "అవి చెల్లెలు గీతలు కదూ" అన్నారు మెల్లిగా. తర్వాత గిన్నె బయల్దేరింది. నేను తెర చూడడం మానేసి ఆవిణ్ణి చూశాను. ఒక్కొక్క చేతిలోంచి గిన్నె వెళ్తుంటే ఆవిడ కళ్ళు దాని వెంటే వెళ్తున్నాయి. కెప్టెన్ మోకాళ్ళమీద కూచుంది. నీళ్ళు వంచింది.

"అక్క నీళ్ళు వదుల్తోంది" అన్నారు అత్తయ్యగారు.

అడగలేదు. చెప్పారు.

"ఎప్పుడు పోయింది?"

"మొదట్లోనేనండీ. ఆ తలుపు మూసినప్పుడు. మీరప్పుడు ఆస్పత్రినుంచి..."

"ఎన్నాళ్ళైంది?"

"రెండేళ్ళు దాటిందండీ."

అలవాటుగా ఒక వేలు ముడిచారు. అంతకంటే లెక్క అక్కర్లేదు కనుక ఆపేశారు. కాళ్ళు స్టూలుమీంచి దించి, లేచి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళారు. పడుకోడానికి వెళ్తున్నారనుకున్నాను. స్నానాలగది తలుపు చప్పుడైంది. పంపు విప్పిన చప్పుడైంది.

నాకు అర్థమయ్యేసరికి మొదటి చెంబు పడనే పడింది.

"అత్తయ్యగారూ! చన్నీళ్ళండీ అవి! వానపూటండీ, మీ ఆరోగ్యం..." తలుపు బాదాను. "అది కథండీ! సీరియలే కదండీ!" నా నోటివెంట ఆ మాటే వచ్చింది. లోపల చెంబుమీద చెంబు పడుతోంది. ఆ నీళ్ళు ఓడమీది మనిషికి మాత్రమే కాదని నాకు తెలుసు. ఆ నాలుగు చుక్కల తర్వాత రెండేళ్ళు ఆవిడ ఎంత బరువు మోశారో ఆ చప్పుడు వింటుంటే తెలిసింది. నాకు ఏడుపొచ్చింది. పొడిచీర, తువ్వాలు తెచ్చుకుని తలుపు దగ్గర నిలబడ్డాను.

నీళ్ళు ఆగాయి. లోపల్నుంచి ఆవిడ గొంతు మామూలుగానే వచ్చింది.

"ఇంకెవరైనా పోయేరాండీ?"

చెంబు కింద పెట్టిన చప్పుడైంది.

"ఉంటే ఇప్పుడే చెప్పెయ్యండి. తల తడిసే ఉంది. మళ్ళీ మళ్ళీ పోసుకోలేను."

మళ్ళీ మీరు. ఇంక ఈ మనిషి నా నోటివెంట వచ్చిన ఏ మాటా నమ్మదు అనుకున్నాను. ఓడ సంగతి కాదు, ఏ మాటా. చీర గుండెలకి పట్టుకుని తలుపుతోనే చెప్పాను.

"పోయినవాళ్ళెవరూ లేరండీ. ఒక ఫోనుందండీ."

చెప్పాను. పోవడానికి ముందురోజు మధ్యాహ్నం చిన్నత్తయ్యగారు ఫోను చేశారని. పడుకున్నారని అబద్ధం చెప్పానని. అప్పుడు అత్తయ్యగారు మేలుకునే ఉన్నారని, నేను ఓడ ఆపడం ఇష్టంలేక అలా అన్నానని. లేచాక చెయ్యమన్నారని, నేను చెప్పలేదని. పంపులోంచి చుక్కలు పడుతున్నాయి. ఆగితే ఇంక చెప్పలేనని గబగబా మిగిలింది కూడా చెప్పేశాను.

"ఆ పనసపొట్టు మార్కెట్లోది కాదండీ. చిన్నత్తయ్యగారే పంపించేరు. పొద్దున్నే తనే కూచుని కొట్టేరట. మర్నాడు మీరు మారు వేయించుకున్నది ఆ కూరేనండీ."

నేను తలుపుకి చెవి ఆనించాను. ఆవిడకేమైనా అయిందేమోనని గడియ విరగ్గొడదామా అన్నంత భయం వేసింది.

"ఆవ?" అని వినపడింది.

"తక్కువేసేనండీ. ఎక్కువైతే అక్కయ్యకి పడదన్నారు. ఆవిడ చెప్పినట్టే చేసేనండీ."

"అందుకే" అన్నారు లోపల్నుంచి. కాస్సేపటికి, "అందుకే అంత బావుంది" అన్నారు.

ఇంకొక్క చెంబు పోసుకున్న చప్పుడైంది. తర్వాత తలుపు జానెడు తెరుచుకుని, ముడతలు పడిన తడిచెయ్యి బయటికొచ్చింది.

"ఆ చీరియ్యవే. చలేస్తోంది."